ముందు పలక, తర్వాతే పటం

కచేరీలో పాత పహణీలను స్కాన్ చేసే పని కొన్నాళ్లు మా నెత్తిన పడింది. కాగితం మడత పడిన చోట సర్వే నంబరు కనిపించదు. ఎంత ఖరీదైన యంత్రమైనా మడతను చూపుతుంది గాని, దాని కింది అంకెను చూపదు. ఈ సంగతి మనిషి ఒంటికి గూడా వర్తిస్తుందని మాకు ఈమధ్యనే తెలిసింది.

బాగేపల్లిలో మా వదినగారికి మెడ మీద గడ్డ లేచింది. చిన్న ముక్క తీసి, గాజుపలక మీద పరచి, దాని పటాన్ని కంప్యూటరు ద్వారా బెంగుళూరు డాక్టరుగారికి పంపారు. నాలుగో రోజున జవాబు వచ్చింది: పటం మసకగా ఉన్నది, మరల పంపవలెనని. "ఏమప్పా, నా జబ్బు మిషనుకు గూడా తెలీలేదా?" అన్నారు వదినగారు. నవ్వుతూనే అన్నారు గాని, ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

చింతామణిలో ల్యాబు పని చేసే మా మేనల్లుడిని అడిగాం. తప్పు మిషనుది కాదన్నాడు. తీసిన ముక్కను వెంటనే దానికి 10 రెట్లైనా ఫార్మలిన్‌లో వేయాలి, లేకుంటే చెడిపోతుంది. తర్వాత అందులోని నీరు తీసి, మైనంలో పోతపోసి, మైక్రోటోమ్‌తో 3, 4 మైక్రాన్ల పొరలుగా కోస్తారు. తలవెంట్రుక మందంలో అది సుమారు ఇరవయ్యో వంతు! ఆ పొర మడత పడినా, మందం హెచ్చినా, పైగాజు కింద గాలిబుడగ చిక్కినా స్కానరు చూపు కుదరదు. డాక్టరు మైక్రోస్కోపులో చూసేటప్పుడు మర తిప్పి సవరించుకుంటారు. పటంలో ఆ వీలు తక్కువ. హెమటాక్సిలిన్ నీలం, ఇయోసిన్ గులాబి రంగులు హెచ్చుతగ్గులైనా చిక్కే. శిడ్లఘట్టలో పట్టు తీసేవారికి ఇది చెప్పనక్కరలేదు: గూడు సరిగా ఉడకనిదే దారం తిన్నగా రాదు.

ఇట్టి పటాలు చూసి రోగం నిర్ణయించే ఏర్పాటుకు అమెరికా ప్రభుత్వం 2017లో మొదటిసారి అనుమతి ఇచ్చింది. నిపుణులు లేని తాలూకాలకు ఇది గొప్ప మేలే. అయితే పలక మన ఊళ్లోనే తయారు కావాలి గదా!

అదృష్టవశాత్తూ మైనపు దిమ్మ భద్రంగా ఉంది. దాని నుంచే మరో పొర కోస్తే పటం తేటగా వచ్చింది. మేము భయపడిన జబ్బు కాదు, క్షయ గడ్డ అని తేలింది. 6 నెలల మందు మొదలైంది.

కాబట్టి చదువరులారా, మీ ఇంట ఎవరికైనా ముక్క తీసినప్పుడు మూడు సంగతులు చూడండి: వెంటనే ఫార్మలిన్‌లో వేశారా, సీసా మీద పేరు సరిగా రాశారా, దిమ్మను దాచి ఉంచారా? అడగడానికి మొగమాటం వద్దు.