మందు దట్టిస్తే గురి కుదరదు

కోయిలకుంట్లలో అడిగినా, డల్లాస్‌లో స్థిరపడ్డ మావాళ్ళను అడిగినా చెప్పేది ఒకటే: మందు గట్టిగా పడితేనే తుపాకీ. టెక్సాస్‌లో తూటాలు సొంతంగా నింపుకునే మన కుర్రాళ్ళు కాగితం మీద గురి కొట్టడానికి కూడా మందు కొలతల పుస్తకంలో రాసిన గరిష్ఠ కొలత దాకా పోస్తున్నారు. "తక్కువేస్తే తుస్సుమంటాది అన్నా" అంటారు. ఈ నమ్మకమే వాళ్ళ గురిని చెడగొడుతోంది.

1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడిన నాటికి తుపాకీ మందంటే సురేకారం, గంధకం, బొగ్గు. కాలాక అందులో సగానికి పైగా మసీ పొగా అయిపోయేది. అందుకే దట్టించాల్సి వచ్చేది. 1884లో ఫ్రాన్సులో పాల్ వియే పొగలేని మందు తయారుచేశాక ఆ లెక్కకు కాలం చెల్లింది. కానీ మనవాళ్ళు నింపే .38 స్పెషల్ తూటా కేసు, అంటే మందు పోసే డొప్ప, ఆ పాత నల్ల తుపాకీ మందు కొలతకు పుట్టింది. అందులో ఇప్పటి మందు మూడు గ్రెయిన్లు, అంటే 200 మిల్లీగ్రాముల లోపు, పోస్తే ఎక్కడో అడుగున కనిపిస్తుంది. ఆ ఖాళీ చూసి మనవాళ్ళకు చెయ్యి ఆగదు.

గురి పందేనికి వాడేది 148 గ్రెయిన్ల వాడ్‌కట్టర్, మొద్దు ముక్కు సీసపు గుండు. కాగితాన్ని గుండ్రంగా కోస్తుంది కాబట్టి పాయింట్లు లెక్కెయ్యడం తేలిక. సెకనుకు 700 అడుగుల పైచిలుకు వేగం దానికి చాలు. వెనక బోలుగా ఉండే రకానికి మందెక్కువైతే ఆ పల్చటి అంచు చిరిగి, గుండు దారి తప్పుతుంది. పైగా చేతికి తన్ను తగిలేకొద్దీ ట్రిగ్గర్ నొక్కకముందే మణికట్టు బిగుసుకుంటుంది. ఎంత ఖరీదైన పిస్టల్ కొన్నా దీనికి మందు లేదు.

ఎదుటివాళ్ళ వాదనల్లో ఒక్కదానికి మాత్రం బలముంది. కేసు నింపేసే ఉబ్బెత్తు మందు వాడితే, పొరపాటున రెండుసార్లు పడినా పొంగి బయటపడుతుందంటారు. నిజమే. తేలిక తూటాకే చేసిన ఉబ్బెత్తు మందైతే నాకు పేచీ లేదు. కానీ మనవాళ్ళు తెచ్చేది మాగ్నమ్ తూటాల కోసం చేసిన, నెమ్మదిగా కాలే మందు. దానికి ఒత్తిడి కావాలి. తేలిక తూటాలో అది పుట్టదు. పలుకులు సగం కాలి గొట్టంలో మిగులుతాయి, ఒక్కో గుండు ఒక్కో వేగంతో పోతుంది, 50 గజాల దగ్గర కొన్ని పైకి, కొన్ని కిందికి తగులుతాయి. తేలిక తూటాకు త్వరగా కాలే మందే సరి. రెండుసార్లు పడిందేమోనన్న భయానికి విరుగుడు కళ్ళు: యాభై కేసులూ పలకలో నిలబెట్టి, గుండు పెట్టకముందే టార్చి వేసి ప్రతిదాంట్లోకీ తొంగిచూడాలి.

అలాగని పుస్తకం చెప్పిన కనీస కొలత కంటే కిందికి దిగితే గుండు గొట్టంలోనే ఇరుక్కుంటుంది. దాని వెనకే ఇంకోటి పేలిస్తే గొట్టం ఉబ్బుతుంది, పగలనూ వచ్చు. ఇదంతా చట్టం ఒప్పుకునే చోట చేసే పని. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. ఊళ్ళో ఎవరూ చెయ్యిపెట్టొద్దు.

నా బల్ల మీద త్వరగా కాలే బుల్స్‌ఐ మందు డబ్బా ఒక్కటే ఉంటుంది. ఒక మందు తీసి మూతపెట్టి లోపల పెట్టేదాకా రెండోది బయటికి రాదు.