వెబ్ డైరెక్టరీలలో పేరునకు రుసుము చెల్లింపదగునా?



మన ప్రాంతపు గృహిణులు నేడు వంటయింటి పనితోనే తృప్తిపడి యుండుట లేదు. మదనపల్లెను ఆనుకొనియున్న నీరుగట్టువారిపల్లె పట్టుచీరల నేతకు పేరొందినది. అచ్చటి నేతయిండ్లలో దారము సిద్ధపరచుట మొదలు లెక్కలు వ్రాయుట వరకు స్త్రీలచేయి లేని పని యరుదు. పుంగనూరు పల్లెలలో పాడి స్త్రీలచేతి మీదనే నడచుచున్నది. కుప్పములో కుట్టుపనితోను, పచ్చళ్ల వ్యాపారముతోను సంసారమునకు ఆసరా యగుచున్న వారు కలరు. వీరిలో కొందరు బిడ్డల సాయమున చిన్న వెబ్‌సైటులను కూడ పెట్టుకొనుచున్నారు.

ఇట్టివారికి ఫోనులో తరచుగా వినబడు మాట యొకటి కలదు. “మా డైరెక్టరీలో మీ వెబ్‌సైటు పేరు చేర్చుకొనుడు. ఏటికి స్వల్పరుసుము. గూగుల్‌లో మీ పేరు మొదటిపుటలోనికి వచ్చును” అని. ఆ రుసుము మూడునాలుగు వేల రూపాయలనుకొందము. పెద్ద కంపెనీకి అది లెక్కలోనిది కాదు. నేతయింటికో, అది ముడిపట్టు కొనవలసిన సొమ్ము. పొదుపుసంఘమున అప్పు తెచ్చినదైనచో దానికి వడ్డీయు నడచుచుండును. కావున ఈ మాటలోని సత్యాసత్యములను విచారించుట మన ధర్మము.

మొదట డైరెక్టరీ యనగా నేమో తెలిసికొందము. టెలిఫోను డైరెక్టరీ మన మెరిగినదే. అట్లే వెబ్‌సైటులను వృత్తులవారీగా, ఊళ్లవారీగా వర్గీకరించి చూపు పట్టికయే వెబ్ డైరెక్టరీ. 1994లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో అను నిరువురు ఇట్టి పట్టిక నొకదానిని ఆరంభించిరి. అదియే యాహూ. వ్యాపారస్థుల పేర్లను పరిశీలించుటకై యాహూ డైరెక్టరీవారు ఏటికి 299 డాలర్లు పుచ్చుకొనిన కాలము కలదు. 1998లో పుట్టిన డీమాజ్ అను మరియొక పట్టికను స్వచ్ఛంద సంపాదకులు రుసుము లేకయే నడపిరి. మనుష్యులు చూచి, చదివి, యోగ్యమని తోచినదానినే చేర్చుచుండుటచే ఆనాడు ఈ పట్టికలలో చోటు లభించుట గౌరవముగా నుండెను. తగిన డైరెక్టరీలకు మీ వెబ్‌సైటును తెలియజేయుడని గూగుల్‌వారు కూడ ఒకప్పుడు సలహా నిచ్చుచుండిరి. 2008లో ఆ సలహాను తొలగించిరి. యాహూ డైరెక్టరీ 2014 డిసెంబరులోను, డీమాజ్ 2017 మార్చిలోను మూతపడెను. అనగా ఈ విద్యకు ఆద్యులైనవారే అంగడి కట్టివేసిరి. నేడు ఫోనుచేయువారు అమ్మజూపుచున్నది ఆ పాతకాలపు గౌరవపు నీడను మాత్రమే.

ఇంతటి గౌరవము ఎట్లు తరిగిపోయెను? దీనికి గూగుల్ పేర్లను వరుసపరచు విధానము తెలియవలెను. 1998లో ల్యారీ పేజ్, సెర్జీ బ్రిన్ స్థాపించిన ఈ సంస్థ, ఒక వెబ్‌సైటునుండి మరియొకదానికి ఇచ్చు లింకును సిఫారసుగా భావించెను. మనవాడలో నలుగురు ఇల్లాండ్రు “ఫలానావారి పచ్చడి బాగుండును” అని చెప్పినచో మనము నమ్ముదుము గదా! అందును మంచిచెడ్డ లెరిగిన పెద్దావిడ చెప్పినచో మరింత నమ్ముదుము. లింకుల లెక్కయు అట్టిదే. ఈ సంగతి బయటపడగానే డబ్బునకు సిఫారసులమ్ము పట్టికలు వందలుగా పుట్టెను. పెండ్లిండ్ల పేరయ్య సంభావన ముట్టినచో ప్రతి వరుని మన్మథుడనియే చెప్పును. ఆ మాటకు విలువ కట్టునదెవరు?

గూగుల్‌వారును విలువ కట్టుట మానిరి. 2012 ఏప్రిలులో పెంగ్విన్ అను పేరుతో వారు తెచ్చిన మార్పు వలన కొన్న లింకులపై ఆధారపడిన అనేక వెబ్‌సైటులు వరుసలో క్రిందికి జారెను. 2016 నుండి అట్టి లింకులను చాలవరకు లెక్కలోనికి తీసికొనకయే విడిచిపెట్టుచున్నారు. వరుసలో పైకి వచ్చుటకై లింకులను కొనుటయు, అమ్ముటయు తమ నియమములకు విరుద్ధమని వారు వ్రాసియున్నారు. నాసిరకపు డైరెక్టరీల లింకులను కూడ ఆ నిషిద్ధముల పట్టికలో పేర్కొనిరి. డబ్బు పుచ్చుకొని లింకు ఇచ్చువారు దానికి “నోఫాలో” గాని, 2019లో వచ్చిన “స్పాన్సర్డ్” గాని యను గుర్తు పెట్టవలెననియు నియమము కలదు. ఆ గుర్తుగల లింకును సాధారణముగా సిఫారసుగా లెక్కింపరు.

కావున సోదరీమణులారా, ఇందులోని చిక్కును గమనింపుడు. డైరెక్టరీవారు నియమము పాటించి గుర్తు పెట్టినచో మీకు వరుసలో లాభము లేదు. గుర్తు పెట్టనిచో అది నియమవిరుద్ధమైన సరకు. దానివలన ఫలము శూన్యము, ఒక్కొక్కప్పుడు చేటు. ఏవైపు చూచినను, గూగుల్‌లో పైకి వచ్చుటకే యనుకొని చెల్లించిన రుసుము నీటిపాలే. గూగుల్‌వారు తామే సొమ్ము పుచ్చుకొని సహజమైన వరుసలో ఎవరిని పైకెత్తరు. సొమ్మిచ్చినవారి ప్రకటనలను ప్రకటనలని గుర్తుపెట్టియే వేరుగా చూపుదురు. ఇక మధ్యవారు “మొదటిపుట మాది పూచీ” యనుట యెట్లు చెల్లును?

అట్లని డైరెక్టరీలన్నియు పనికిరానివని నా తాత్పర్యము కాదు. జనులు నిజముగా తెరచి చూచునవి వేరు. 1996లో ఆరంభమైన జస్ట్ డయల్, అదే యేట ఆరంభమైన ఇండియామార్ట్ మొదలగువానిలో వర్తకులను వెదకు కొనుగోలుదారులు కలరు. వానిలో ఉచితముగానే పేరు చేర్చుకొను వీలును కలదు. మొదట ఉచితముగా చేరుడు. కొన్ని నెలలపాటు చూచి, బేరములు వచ్చినచో అప్పుడు రుసుము సంగతి యోచింపవచ్చును. అప్పుడు మీరు కొనునది ప్రకటన, గూగుల్ వరుసలోని చోటు కాదు. ప్రకటనకు ఖర్చు తప్పు కాదు. ఒకటి కొనుచు మరియొకటి కొనుచున్నామని భ్రమించుటయే తప్పు.

కొనని సిఫారసు ఎంత బలమైనదో పుంగనూరు ఆవును చూచిన తెలియును. గోజాతులలో మిక్కిలి పొట్టిదిగాను, చిక్కని పాలకును ప్రసిద్ధి కెక్కిన ఈ జాతి యొకప్పుడు అంతరించిపోవునేమో యని పశుశాస్త్రజ్ఞులు కలతచెందిరి. 2024 సంక్రాంతినాడు ప్రధానమంత్రి నరేంద్ర మోదీ తన నివాసమున ఈ ఆవులకు మేత పెట్టుచున్న చిత్రములు వెలువడగా, పుంగనూరు పేరు దేశమంతట మారుమ్రోగెను. పత్రికలు వ్రాసెను. జనులు వెదకిరి. ఆ వ్రాతలను ఎవరును రుసుమిచ్చి కొనలేదు. చెప్పదగిన విశేషమున్నందుననే నలుగురు చెప్పిరి.

మనకు అట్టి భాగ్యము పట్టునా యని నిరాశ పడవలదు. చేయదగిన చిన్న పనులు అనేకములు కలవు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అనునది పూర్తిగా ఉచితము. దానికి సొమ్మడుగువారు గూగుల్‌వారు కారని తెలియుడు. “మదనపల్లెలో పట్టుచీరలు” అని వెదకువారికి పటముతోకూడ మీ పేరు కనబడుట దీనివలననే. అందు వరుసకు ముఖ్యమైనవి మూడు: వెదకినదానికి తగియుండుట, వెదకువారికి ఎంత దూరములో నుండుట, జనులలోని పేరుప్రతిష్ఠలు. ఇంటినుండి పనిచేయుచు కొనువారి యిండ్లకు తామే సరకు చేర్చువారు ఇంటి చిరునామాను బయటికి చూపకుండ దాచుకొనవచ్చును. ఒంటరిగా నుండు స్త్రీలు దీనిని తప్పక గమనింపవలెను. కొనువారిని ముఖాముఖి కలియకయే కేవలము వెబ్‌సైటు ద్వారా అమ్మువారికి మాత్రము ఈ సౌకర్యము లేదు.

పేరు వ్రాయుటలో ఏకరూపత ముఖ్యము. మన ఊరి పేరును ఇంగ్లీషు అక్షరములలో కొందరు మదనపల్లె యనియు, కొందరు మదనపల్లి యనియు వ్రాయుదురు. పుంగనూరు చివరను ఒకరు ‘యు’ అక్షర మొకటి వేయగా, ఒకరు ‘ఓ’ అక్షరములు రెండు వేయుదురు. అంగడి పేరు, చిరునామా, ఫోను నంబరు ఒక్కొక్కచోట ఒక్కొక్క విధముగా నున్నచో కొనువాడు తికమకపడును, యంత్రమును తికమకపడును. ఒక్క విధము నిర్ణయించుకొని అంతటను అదియే వ్రాయుడు. మరి కుప్పము వారి సంగతి వేరు. అది తమిళనాడు, కర్ణాటక సరిహద్దులకు చేరువనున్న ఊరు. కొనువారు మూడు భాషలలో వెదకవచ్చును. వెబ్‌సైటులో తెలుగుతోపాటు తమిళము, కన్నడము కూడ నాలుగేసి వాక్యములు వ్రాయించుట, పది డైరెక్టరీల రుసుముకంటె మేలు.

పట్టుచీరలవారికి మరియొక మాట. కేంద్ర పట్టు మండలి ప్రోత్సాహమున 2004లో వెలసిన సిల్క్ మార్క్ స్వచ్ఛమైన పట్టునకు గుర్తు. ఇట్టిదానికై వెచ్చించు సొమ్ము కొనువారికి నమ్మకమును కలిగించును. చీరను నేయు తీరు, జరీ రకము, ఉతుకు విధము మీ మాటలలోనే వ్రాసి, మంచి వెలుతురులో తీసిన చిత్రములను పెట్టుడు. కొన్నవారిని తమ యభిప్రాయమును వ్రాయుమని వినయముతో నడుగుడు. డబ్బిచ్చి అభిప్రాయములు వ్రాయించుట మాత్రము లింకులు కొనుటవంటిదే. అదియు నిషిద్ధము.

ఇక ఫోను వచ్చినప్పుడు అడుగవలసిన ప్రశ్నలు నాలుగు. మీ పట్టికను మా ఊరివారు ఎందరు చూచుచున్నారు? మీరిచ్చు లింకునకు ఏ గుర్తు పెట్టుదురు? మావంటి వర్తకులకు నెలకు ఎన్ని బేరములు వచ్చినవో చూపగలరా? ఏడాది తీరిన పిమ్మట మేము వలదన్నచో రుసుము తనంతట తాను కోయబడునా? ఈ నాల్గింటికి సూటియైన సమాధానము రానిచో నమస్కారము చెప్పి ఫోను పెట్టివేయుడు. తొందరపెట్టువానికి ఎన్నడును సొమ్ము పంపవలదు, ఓటీపీ చెప్పవలదు.

చివరగా, చాకలిపద్దు వ్రాయు పుస్తకమునందే ఒక పుట కేటాయించి, క్రొత్తగా వచ్చిన ప్రతి కొనుగోలుదారును “మా సంగతి మీకెట్లు తెలిసెను?” అని యడిగి వ్రాసికొనుడు. ఆరు నెలలు గడచుసరికి ఏ ఖర్చు ఫలించినదో, ఏది వృథాయో ఆ పుటయే చెప్పును. ఫోనులోని తియ్యని మాటకంటె మీ చేతివ్రాతతోనున్న ఆ లెక్క నమ్మదగినది.