చుక్క చేసిన తప్పేంటి?

పొద్దున ఐదున్నరకు లేచి, లైటు వేయకుండా హాల్లోకి అడుగు పెట్టగానే కాలికి తడి తగలడం ఎట్లుంటుందో కుక్కను పెంచినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పోయిన ఎండాకాలం నెలన్నర పాటు మా ఇంట్లో రోజూ ఇదే. తలుపు దగ్గర ఒకసారి, సోఫా వెనక ఒకసారి. ఒకరోజు ఏకంగా మా అత్త మంచం కాళ్ల దగ్గర.

మా చుక్కకు ఎనిమిదేళ్లు. నల్లటి ఒళ్లు, నుదుటి మీద తెల్ల మచ్చ. మా శనగ చేని గట్టున దొరికిన నాటు కుక్క. ఇంటికొచ్చిన రెండు నెలలకే లోపల ఒంటికి పోకూడదని నేర్చుకుంది. ఆ తర్వాత ఇన్నేళ్లలో వానొచ్చినా, టపాసులు పేలినా ఒక్కసారి కూడా ఇల్లు పాడు చేయలేదు. అట్లాంటిది ఉన్నట్టుండి మొదలుపెట్టింది.

మొదట అరిచాను. తర్వాత మూతి పట్టుకుని ఆ తడి దగ్గరికి లాక్కుపోయి చూపించాను. ఒకరోజు చీపురు తిరగేసి రెండు దెబ్బలు వేశాను. నాలుగో వారం వచ్చేసరికి, నిజం చెబుతున్నా, నేనే అన్నాను మా ఇంటాయనతో: "నా వల్ల కాదు. యాడన్నా వదిలేసి రాపో." ఆయన రెండో మాట అడగలేదు. ఆదివారం కుందూ అవతల వదిలేసి వస్తానన్నాడు.

అడ్డం పడింది మా అత్త. ఆమెకు కుక్కలంటే పెద్ద ఇష్టమేమీ లేదు. "ఎనిమిదేండ్లు చేయంది ఇప్పుడు చేస్తాందంటే దానికేమో అయిండాది మే. నోరుంటే చెప్పేది గదా" అంది. అంతే, అక్కలారా. ఈ విషయం గురించి తెలుసుకోవాల్సిన మొదటి మాట అదే. బాగా అలవాటైన పెద్ద కుక్క ఇంట్లో పోయడం మొదలుపెట్టిందంటే అది మర్చిపోయి కాదు, పొగరెక్కీ కాదు. ఏదో మారింది. దాని ఒంట్లోనైనా, మన ఇంట్లోనైనా.

ఒంటి సంగతి ముందు చూడాలి. డాక్టరు దగ్గరికి తీసుకుపోతే ఆయన నన్ను అడిగిన ప్రశ్నల్లో సగానికి నా దగ్గర జవాబు లేదు. నీళ్లు ఎక్కువ తాగుతోందా? కొంచెం కొంచెం మాటిమాటికీ పోస్తోందా, ఒకేసారి మడుగు కడుతోందా? పోసేటప్పుడు ముక్కుతోందా? రక్తం చాయ ఉందా? మెలకువలో పోస్తోందా, పడుకున్న చోటే కారిపోతోందా? రోజూ తుడిచింది నేనే, కానీ ఇవేవీ చూడలేదు. కోపంలో ఉన్న కళ్లకు తడి ఒక్కటే కనబడుతుంది.

ఆ ప్రశ్నలు ఊరికే అడిగేవి కావు. కొంచెం కొంచెంగా, మాటిమాటికీ, ముక్కుతూ పోస్తుంటే మూత్రకోశంలో ఇన్ఫెక్షనో, రాళ్లో ఉండొచ్చు. గిన్నెలు గిన్నెలు నీళ్లు తాగి మడుగులు కడుతుంటే షుగరు, కిడ్నీ జబ్బు అనుమానించాలి. అవును, కుక్కలకూ షుగరొస్తుంది. దురదకో అలర్జీకో స్టెరాయిడ్ మాత్రలు వేస్తున్నా దాహం, మూత్రం రెండూ పెరుగుతాయి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన ఆడకుక్కల్లో కొన్నింటికి హార్మోను తగ్గి నిద్రలో తెలియకుండానే కారిపోతుంది. దానికి మందులున్నాయి. బాగా ముసలి కుక్కలకైతే మతిమరుపు కూడా వస్తుంది. తలుపు ఏ పక్కనుందో తెలియక మూలన నిలబడిపోతాయి. ఇక మగకుక్క కాలెత్తి ఎంత ముక్కినా చుక్క రాకపోతే మర్నాటి దాకా ఆగకండి. దారి మూసుకుపోయిందేమో, అది ప్రాణం మీదికొస్తుంది.

చుక్కకు వచ్చింది ఇన్ఫెక్షను. పొద్దున్నే అది కూర్చోగానే వెనక నుంచి శుభ్రమైన గరిటె పెట్టి మూత్రం పట్టి, సీసాలో పోసి గంటలోపల ఇచ్చి వచ్చాను. వీధిలో అందరూ నవ్వారు. నవ్వనీ. పరీక్ష చేసి మందులు రాశారు. మా కోయిలకుంట్ల లాంటి ఊర్లలో డాక్టర్ల దగ్గరికి వచ్చేవి ఎక్కువగా బర్రెలు, గొర్రెలు. కుక్కను తీసుకుపోవడానికి మనమే మొహమాటపడతాం. పడక్కర్లేదు. ఇక్కడ తేలకపోతే ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది.

మగకుక్కల కంటే ఆడకుక్కలకు ఈ ఇన్ఫెక్షన్లు ఎక్కువని, మూత్రనాళం పొట్టిగా ఉండటం ఒక కారణమని అక్కడే తెలిసింది. నాకు నవ్వొచ్చింది, బాధా వేసింది. మన సంగతీ అదే కదా. బస్సు ప్రయాణముందంటే పొద్దుటి నుంచీ నీళ్లు తాగకుండా ఉండేవాళ్లం, పెళ్లిళ్లలో గంటలు గంటలు ఆపుకునేవాళ్లం, ఆ మంట ఎట్లుంటుందో మనకు తెలుసు. ఆ మంటతో ఉన్నదాన్ని నేను చీపురుతో కొట్టాను.

మందులతో మంట తగ్గింది. ముక్కడం, మాటిమాటికీ పోవడం ఆగాయి. కానీ రాత్రిపూట తలుపు దగ్గర తడి మాత్రం ఆగలేదు. ఇక్కడ చాలామంది చేసే తప్పు, "మందు కూడా వేయించాం, ఇంకా చేస్తోందంటే కొవ్వే" అనుకోవడం. నేనూ అనబోయాను. అప్పుడు ఒక రాత్రి నిద్రపోకుండా కూర్చుని చూశాను. పదకొండు దాటాక లేచింది. తలుపు దగ్గరికి పోయి నిలబడింది. వెనక్కి తిరిగి అమ్మాయి గది వైపు చూసింది. మళ్లీ తలుపు వైపు. అట్లా నాలుగైదుసార్లు తిరిగి, చివరికి అక్కడే కూర్చుంది.

అమ్మాయి పెళ్లి మాఘమాసంలో అయింది. ఇప్పుడు ఆళ్లగడ్డలో ఉంది. రోజూ రాత్రి పడుకోబోయే ముందు చుక్కను బయటికి తీసుకుపోయేది అదే. ఎనిమిదేళ్లు ఆ పని ఎవరో ఒకరు చేస్తున్నారని కూడా మాకు పట్టలేదు. అది వెళ్లిపోయాక ఆ పని ఎవరిదీ కాకుండా పోయింది. పిల్ల లేని ఇంట్లో నాకే రాత్రిళ్లు తోచడం లేదు, దానికి మాత్రం తోస్తుందా?

ఇంకొకటుంది. అదే పెళ్లికి ముంగిలంతా నాపబండలు పరిపించాం. మా జిల్లాలో నాపరాయికి కొదవలేదు కదా, బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపంతా గనులే. బురద పోయింది, ముంగిలి అద్దంలా ఉందని నేనే మురిసిపోయాను. కానీ కుక్కకు చిన్నప్పుడు కాలికింద ఏది తగిలితే అక్కడ పోవడం అలవాటవుతుంది. మట్టి మీద నేర్చుకున్నది మట్టినే వెతుక్కుంటుంది. చుక్కకు తెలిసిన చోటు వేపచెట్టు కింది మట్టి. అది ఇప్పుడు బండ కింద ఉంది. పగలు ఆ బండల మీద ఎండకు కాలు పెట్టలేం. రాత్రి పదికి గేటుకు తాళం. అంటే దానికున్న మరుగుదొడ్డి మూసేసి, తీసుకుపోయే మనిషిని అత్తగారింటికి పంపేసి, ఇంట్లో పోసిందని దాన్నే కొట్టాం.

ఆ మర్నాడే వేపచెట్టు పక్కన రెండు బండలు లేపించాను. మా ఇంటాయన గొణిగాడు, బండకింత అయిందని లెక్క చెప్పాడు. సరే, రెండు బండలే కదా అన్నాను.

తర్వాత చేసింది కష్టమేమీ కాదు, ఓపిక పని. దాన్ని మళ్లీ కుక్కపిల్ల అనుకున్నాం. లేవగానే, తిన్న కాసేపటికి, సాయంత్రం, పడుకోబోయే ముందు గొలుసు పట్టుకుని ఆ మట్టి దగ్గరికే తీసుకుపోవడం. పోసిన మరుక్షణమే మెచ్చుకుని చిన్న బిస్కెట్టు ముక్క పెట్టడం. ఇంట్లోకి వచ్చాక పెడితే అది ఇంట్లోకి వచ్చినందుకు అనుకుంటుంది. రాత్రిపూట హాలంతా తిరగనీయకుండా మా మంచం పక్కనే పడుకోబెట్టడం. అది కదిలితే నాకు మెలకువ వచ్చేది. మూడు వారాల్లో దారికొచ్చింది. ఒకటి మాత్రం చేయకండి. పోస్తోందని నీళ్లు తగ్గించకండి. నలభై డిగ్రీలు దాటే మన ఎండల్లో అది ప్రాణం తీసే పని. ఇన్ఫెక్షనున్న కుక్కకు నీళ్లే సగం మందు.

తుడవడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అది మన పనే అయింది కాబట్టి. ఫినాయిల్‌తో తుడిస్తే మన ముక్కుకు వాసన పోతుంది, దాని ముక్కుకు పోదు. వాసన ఉన్న చోటికే మళ్లీ వస్తుంది. ముందు పాతబట్టతో అదిమి తడి పీల్చాలి, రుద్ది పరచకూడదు. తర్వాత మంచినీళ్లతో కడగాలి. ఎంజైమ్ క్లీనర్లని పెంపుడు జంతువుల సామాను దగ్గర దొరుకుతాయి, అవి ఆ వాసనను మూలంలోనే విరగ్గొడతాయి. పోసి కాసేపు వదిలేయాలి, వెంటనే తుడిచేస్తే పని చేయవు. ఉచ్చ మీద నేరుగా బ్లీచింగ్ పౌడర్ చల్లకండి, ఘాటైన గాలి పుట్టి గొంతు మండుతుంది. ఇంటర్నెట్టులో అందరూ వెనిగర్ పోయమంటారు. మనవి నాపబండలు, అంటే సున్నపురాయి. వెనిగరైనా, నిమ్మరసమైనా, బాత్రూం యాసిడైనా పులుపు తగిలితే ఆ రాయి నునుపు పోయి తెల్లమచ్చలు పడుతుంది. మా హాల్లో ఒక మచ్చ ఇంకా ఉంది, నా తెలివికి గుర్తుగా.

ఇక కొట్టడం సంగతి. "అది తప్పు చేసిందని దానికి తెలుసు, చూడు ఎట్లా తల దించుకుందో" అంటాం. నేనూ అన్నాను. అమెరికాలో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే ఆమె 2009లో దీని మీద ఒక పరిశోధన ప్రచురించింది. తినొద్దన్న తిండిని కుక్క తిన్నా తినకపోయినా, యజమాని తిట్టినప్పుడే ఆ తప్పు చేసిన మొహం ఎక్కువగా కనిపించిందట. అసలు ఏ తప్పూ చేయకుండా తిట్లు తిన్న కుక్కల్లో మరీ ఎక్కువట. అంటే ఆ తల దించుకోవడం తప్పు ఒప్పుకోవడం కాదు, మన గొంతుకు భయపడటం. ఎప్పుడో రాత్రి పోసినదానికి పొద్దున కొడితే దానికి అర్థమయ్యేది ఒకటే, పొద్దున అమ్మ ప్రమాదమని. కొన్ని ఆ భయానికి మన కంట పడకుండా సోఫా వెనకకు పోయి పోస్తాయి. చుక్క సోఫా వెనకకు పోవడం నేను చీపురు తీసిన తర్వాతే మొదలైందని ఇప్పుడు లెక్క చూసుకుంటే తెలుస్తోంది.

బీఏలో నన్నయ భారతం చదువుకున్నప్పుడు ఆదిపర్వంలో సరమ కథ వచ్చేది. యజ్ఞం జరిగేచోట ఆడుకుంటున్న కుక్కపిల్లను జనమేజయుడి తమ్ముళ్లు కొడతారు. అది ఏడుస్తూ పోయి తల్లికి చెబుతుంది. తల్లి సరమ రాజు దగ్గరికే వచ్చి, ఏ తప్పూ చేయని నా బిడ్డను ఎందుకు కొట్టారని నిలదీస్తుంది. అంత పెద్ద భారతం మొదట్లోనే ఒక తల్లి కుక్క న్యాయం అడుగుతుంది. అప్పుడు పరీక్షకు చదివి పాసయ్యాను. చుక్క తల్లి వచ్చి అడిగితే నా దగ్గర మాత్రం ఏం జవాబుంది?

ఇప్పుడు అసలు నేను చెప్పదలచుకున్నది. కుక్కలను వదిలేసే ఇళ్లలో ఆ మాట చాలాసార్లు ఆడవాళ్ల నోటే వస్తుంది. మనకు జాలి లేక కాదు. ముద్దు చేసేది నలుగురు, తుడిచేది ఒక్కరు. నేను "వదిలేసి రాపో" అన్నది చుక్క మీద కోపంతో కాదు, ఐదున్నరకు లేచి నేనొక్కదాన్నే తుడుస్తున్నందుకు. ఆ కోపం చూపించాల్సిన వాళ్ల మీద చూపించలేక, నోరులేనిదాని మీద చూపించాను. కాబట్టి కుక్కకు మళ్లీ నేర్పించే ముందు ఇంట్లోవాళ్లకు నేర్పించండి. మా ఇంట్లో ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నరకు తీసుకుపోయేది మావాడు, ఇంటర్ చదువుతున్నాడు. పొద్దున మా ఇంటాయన. తడి కనిపిస్తే ఎవరు ముందు చూస్తే వాళ్లే తుడవాలి. మొదట్లో ఇద్దరికీ ఆ తడి కనిపించేది కాదు. నేను కూడా చూడనట్టే దాటి పోవడం మొదలుపెట్టాక కనిపించింది.

వదిలేయడం గురించి ఒక మాట. మన దేశంలో 1960లోనే జంతు హింస నివారణ చట్టం వచ్చింది. దాని కోసం రాజ్యసభలో పట్టుబట్టినామె రుక్మిణీదేవి అరండేల్, కళాక్షేత్ర పెట్టిన నాట్యకళాకారిణి. తగిన కారణం లేకుండా జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం ఆ చట్టం ప్రకారం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడం కూడా నేరమే. మొదటిసారి దొరికితే జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఆ యాభై రూపాయలకు ఎవరూ భయపడరు, అది నాకూ తెలుసు. కానీ ఎనిమిదేళ్లు ఇంట్లో తిన్న కుక్కకు కుందూ అవతల వేటాడి తినడం రాదు, అక్కడి కుక్కలు దాన్ని బతకనీయవు. మనం వదిలేసి రావడమంటే చంపి రావడమే, కాకపోతే మన కళ్ల ముందు కాదు.

మొన్న అమ్మాయి వచ్చింది. రాత్రి తొమ్మిదిన్నరకు చుక్క లేచి, అమ్మాయి పక్కగా పోయి, వీడి కాళ్ల దగ్గర నిలబడింది. అమ్మాయికి కొంచెం బాధేసినట్టుంది. నాకు మాత్రం ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టింది.