డీఎన్‌ఏ కలిసినా కేసు నిలవదెందుకు?

ఫోరెన్సిక్ అనగానే మీకు మైక్రోస్కోపు గుర్తొస్తుందేమో. ముందు నేర్వాల్సింది మాత్రం కవరుకు సీలు వేయడం, రిజిస్టరులో సంతకం పెట్టడం! ఆధారం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి, ఎప్పుడు వెళ్లిందో చెప్పే ఆ రికార్డే 'చైన్ ఆఫ్ కస్టడీ'. మధ్యలో ఎక్కడ తెగినా, నమూనా మారిందేమో, కలుషితమైందేమో అన్న అనుమానానికి జవాబుండదు.

2025 జులైలో అదే జరిగింది. తమిళనాడు కేసులో మరణశిక్ష పడిన వ్యక్తిని సుప్రీంకోర్టు నిర్దోషిగా విడిచిపెట్టింది. డీఎన్‌ఏ నమూనాలను పంపడంలో జాప్యాన్ని, భద్రతలో లోపాలను తప్పుబట్టింది. ఇకపై అవి 48 గంటల్లో ల్యాబ్‌కు చేరాలని, కేసు తేలేదాకా కస్టడీ రిజిస్టరు నడపాలని ఆదేశించింది.

ఇటు 2024 జులై 1న అమల్లోకొచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లోని 176(3) సెక్షన్ ప్రకారం, ఏడేళ్లు, అంతకుమించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి వెళ్లాల్సిందే. ఏర్పాట్లకు రాష్ట్రాలకు ఐదేళ్ల గడువుంది. అంటే మన క్లూస్ టీమ్‌ల పని పెరిగేదే. ల్యాబ్‌లోనే కూర్చుంటామంటే కుదరదు.

అందుకే కోర్సులో చేరేముందు ఒక్క మాట అడగండి: ఘటనాస్థలం ప్రాక్టికల్స్ నిజంగా చేయిస్తారా? రక్తం అంటిన తడి బట్టను ప్లాస్టిక్ కవర్లో కట్టేస్తే నమూనా పాడవుతుంది. ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టాలి. ఇలాంటివి నోట్సు చదివితే చేతికి రావు.