కోత చిన్నదైతే సేవ కూడా చిన్నదేనా?

నడుము ఆపరేషన్ అంటే ఒకప్పుడు మా ఐరాల ప్రాంతంలో అందరికీ భయమే. కాళ్ళు పడిపోతాయని చెరకు రైతులు ఏళ్ళ తరబడి నొప్పిని భరించేవారు. నేడు తిరుపతికో, వేలూరుకో వెళ్ళి చిన్న కోతతో చేయించుకుని వస్తున్నారు. భయం తగ్గడం మంచిదే. కానీ దాని స్థానంలో నిర్లక్ష్యం చేరుతున్నదని నా ఆందోళన.

జారిన డిస్కు నరాన్ని నొక్కడం వల్లే కాలికి నొప్పి పాకుతుందని 1934లో మిక్స్‌టర్, బార్ అనే అమెరికా వైద్యులు వెల్లడించారు. 1977లో యాసర్‌గిల్, కాస్పర్ సూక్ష్మదర్శిని సాయంతో చేసే పద్ధతిని ప్రచురించారు. ఇప్పుడు రెండు మూడు సెంటీమీటర్ల కోత చాలు. చాలామంది ఒకటి రెండు రోజుల్లో ఇల్లు చేరుతున్నారు.

వార్డులో ఉన్నంతసేపు నర్సు గమనిస్తూనే ఉంటుంది. పాదం పైకి లేస్తున్నదా, స్పర్శ ఉన్నదా, మూత్రం వచ్చిందా, కట్టు తడిసిందా అని చూస్తుంది. లోపల రక్తం గడ్డకట్టి నరాలను నొక్కితే ముందుగా పట్టిచ్చేది ఈ పరిశీలనే. రోగి ఇంటికి వచ్చాక ఈ పని ఎవరు చేయాలి?

కొన్నేళ్ళ క్రితం ఒక రైతు ఆపరేషన్ చేయించుకుని వచ్చిన మరునాడే మూత్రం ఆగిపోయింది. వేడి చేసిందనుకుని ఇంట్లోవాళ్ళు మజ్జిగ, సబ్జా నీళ్ళు తాగించారు. నా దగ్గరకు తెచ్చేసరికి ఒక రోజు గడిచిపోయింది. మళ్ళీ ఆపరేషన్ చేసి గడ్డ తీశారు. నడక వచ్చింది గాని, మూత్రంపై పట్టు పూర్తిగా తిరిగి రాలేదు. "ఇది ప్రమాదమని మాకు ఎవరూ చెప్పలేదు సార్" అన్నది ఆయన భార్య. ఆమె తప్పేమీ లేదు. ఆమె చేతిలో ఉన్న కాగితమంతా ఇంగ్లీషులో ఉంది.

కాబట్టి ఇవి గుర్తుంచుకోండి. మూత్రం రాకపోయినా, మలమూత్రాలపై అదుపు తప్పినా, మర్మాంగాల చుట్టూ తిమ్మిరెక్కినా, కాలు బలహీనపడినా గంట కూడా ఆగవద్దు. జ్వరం, గాయం నుంచి చీము లేదా నీరు కారడం, పిక్క వాయడం కనిపించినా అదే రోజు వైద్యునికి చూపించాలి. ఉన్నట్టుండి ఆయాసం వస్తే వెంటనే 108కు ఫోన్ చేయండి. పప్పు తింటే చీము పడుతుందనే పథ్యం వద్దు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. నెలల తరబడి మంచం పట్టవద్దు, కొద్దికొద్దిగా నడవాలి. వంగడం, బరువులెత్తడం మాత్రం వైద్యుడు చెప్పేదాకా మానాలి.

నర్సులకు తీరిక లేదని ఆసుపత్రులు అంటాయి. ఒక్క నర్సే వార్డంతా చూసుకున్న రోజులు నేనూ చూశాను. అయినా, తెలుగులో అచ్చువేసిన ఒక్క కాగితం, మొదటి మూడు రోజులు ఒక్కో ఫోన్, గ్రామ ఆరోగ్య కేంద్రంలోని నర్సుకు ముందస్తు కబురు మోయలేని భారమేమీ కావు. రోగిని త్వరగా ఇంటికి పంపుతున్నవారు, ఇంటివారికి ఆ పది నిమిషాల బోధన కూడా చికిత్సలో భాగమేనని గుర్తించాలి. ఆ కాగితం ఇవ్వకపోతే అడిగి తీసుకోవడం మీ హక్కు.