తెలియనితనానికి పూజలెందుకు?

ఎదగడమంటే ఏదో పోగొట్టుకోవడమేనన్న నమ్మకం మన కథల్లో, అంతకంటే ఎక్కువగా మన సినిమాల్లో పాతుకుపోయింది. చిన్నతనం స్వచ్ఛమైనదట, వయసు వస్తే మనసు మైలపడుతుందట. అందుకే పదిహేను, పదహారేళ్ళ పిల్లలు పెద్దవాళ్ళు కావడానికి భయపడతారని, ఆ భయాన్ని అందంగా చూపించడమే కళ అని రాసేవాళ్ళూ చూసేవాళ్ళూ అనుకుంటున్నారు. ఈ అభిప్రాయం తప్పు, పిల్లలకు కీడు చేసే తప్పు. పొరపాటు మాట దగ్గరే మొదలైంది. మాయ లేనివాడు అమాయకుడు. మాయంటే ఇక్కడ కపటం. లోకం బాగా తెలిసిన మనిషి కూడా కపటం లేకుండా బతకగలడు. మనం మాత్రం ఆ మాటను తెలియనితనానికి అంటగట్టి, తెలుసుకోవడాన్నే కళంకంగా మార్చేశాం. ఆలంకారికులు నాయికను ముగ్ధ, మధ్య, ప్రౌఢ అని మూడు దశల్లో చూశారు. ముగ్ధ వాళ్ళకు మొదటి మెట్టు మాత్రమే. మన తెర ఆమెను ఆ మెట్టు మీదే నిలబెట్టి, పైకి అడుగు వేస్తే పతనమంటోంది.

ఆధునిక తెలుగు సాహిత్యం ఇలా మొదలు కాలేదు. 1892లో విజయనగరంలో ప్రదర్శించిన గురజాడ నాటకం కన్యాశుల్కంలో బుచ్చమ్మ బాలవితంతువు. గిరీశం మాటలకు ఆమె లొంగిపోయిందంటే కారణం ఆమె మంచితనం కాదు, ఆ మాటల వెనక ఏముందో తూచగలిగే చదువూ అనుభవమూ ఆమెకు ఎవరూ ఇవ్వకపోవడం. ఇవాళ మనం చదువుతున్న 1909 నాటి రూపంలో గురజాడ ఆమెను మళ్ళీ నాలుగు గోడల మధ్యకు పంపలేదు. పూనాలోని వితంతు శరణాలయానికి, చదువు వైపు దారి చూపించారు. సినిమాలోనూ ఈ చూపు ఉండేది. కె. రాఘవేంద్రరావు తీసిన ‘పదహారేళ్ళ వయసు’ 1978లో వచ్చేనాటికి శ్రీదేవికి పదిహేనేళ్ళు. తమిళంలో భారతీరాజా చెప్పిన కథే అది. పట్నం నుంచి వచ్చిన డాక్టరును నమ్మి మోసపోయిన పల్లెటూరి పిల్ల, తనను నిజంగా కోరుకునే మనిషి ఎవరో ఆ దెబ్బ తిన్న తర్వాతే గుర్తుపట్టగలుగుతుంది. ఆమె కళ్ళు తెరుచుకోవడాన్ని ఆ కథ శిక్షగా చూపించలేదు.

నలభై అయిదేళ్ళ తర్వాత, 2023లో వచ్చిన ‘బేబీ’ని దీని పక్కన పెట్టి చూడాలి. బస్తీలో పెరిగిన వైష్ణవి ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్తుంది. బట్టలు మారతాయి, స్నేహాలు మారతాయి. అనర్థమంతా ఆ మార్పులోంచే పుట్టినట్టు కథ నడుస్తుంది. చిన్ననాటి ప్రేమను పట్టుకుని ఆటో నడుపుకుంటూ ఉన్నచోటే ఉండిపోయిన ఆనంద్ మీద మన సానుభూతి నిలుస్తుంది. అతని బాధ నిజమైనదే, తెర మీద ఆ బాధ పండింది కూడా. అయితే ఫిల్మ్‌నగర్‌లో పుట్టే ఇలాంటి కథను కొద్ది దూరంలోనే ఉన్న మోతీనగర్‌లో ఇంటర్ చదివే ఆడపిల్ల చూస్తుంది, ఆమె తల్లిదండ్రులూ చూస్తారు. కాలేజీ గడప తొక్కితే పిల్ల చెడుతుందన్న అనుమానం ఆ ఇంట్లో ముందే ఉంటే, ఈ కథ దానికి బలమిస్తుంది. పెరగడమంటే ఆ పిల్లకు కలిగే భయంలో ఎక్కువ భాగం ఇలా పెద్దవాళ్ళు నూరిపోసినదే.

ఫోన్లూ వలవేసే మనుషులూ నిండిన కాలంలో పిల్లల అమాయకత్వాన్ని కాపాడొద్దా అని అడిగేవాళ్ళున్నారు. కాపాడాల్సింది పిల్లలను. తెలియనితనం వాళ్ళకు కవచం కాలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ వయసున్న స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఈ ఆడపిల్లలను తెలియనితనం కాపాడలేకపోయింది. వాళ్ళు పోగొట్టుకున్నది అమాయకత్వాన్ని కాదు, ఎదగడానికి కావలసిన కాలాన్ని. ప్రపంచ సాహిత్యంలో గొప్ప రచనలే ఎదగడమంటే ఉండే ఈ భయం మీద నిలిచాయి కదా అనేది ఇంకో అభ్యంతరం. ఆ రచనలను చివరిదాకా చదవాలి. జె.ఎం. బారీ సృష్టించిన పీటర్ పాన్ ఎప్పటికీ ఎదగడు. అందుకు అతను చెల్లించే మూల్యం మరపు. తనతో కలిసి సాహసాలు చేసినవాళ్ళనే మరిచిపోతాడు. వెండీ ఇంటికి తిరిగివచ్చి పెద్దదవుతుంది, ఆ కథ ఆమెకు గుర్తుంటుంది, కూతురికి చెబుతుంది. 1951లో వచ్చిన శాలింజర్ నవలలో, కొండ అంచు నుంచి పిల్లలు పడిపోకుండా పట్టుకోవాలని కలగన్న హోల్డెన్, చివరికి రంగులరాట్నం మీది చెల్లెల్ని చూస్తూ, పడితే పడనీ, ఆపకూడదని తెలుసుకుంటాడు. భయాన్ని అంత లోతుగా చెప్పిన రచయితలు కూడా దాన్ని ఆదర్శంగా నిలబెట్టలేదు.

బాల్యం మీద బెంగ పెట్టుకునే హక్కు ఎవరికైనా ఉంది. ఆ బెంగ పెద్దవాళ్ళది. దాన్ని పదహారేళ్ళ పిల్ల గుండెలో పెట్టి, ఇది నీ భయమే అని చెప్పడం అన్యాయం. ఫిల్మ్‌నగర్ రచయితలకు చేసే మనవి ఒకటే. మీ నాయికను తెలుసుకోనివ్వండి, తప్పు చేయనివ్వండి, ఆ తప్పు నుంచి లేచి నడవనివ్వండి. 1909లోనే గురజాడ బుచ్చమ్మకు ఆ దారి ఇచ్చారు.