స్కాలర్‌షిప్ వద్దన్న అమ్మాయి మళ్లీ అప్లికేషన్ పెడుతోంది

“దేవుడు తెరిచిన తలుపుని తన చేత్తో తనే మూసుకుంది.”

పోయిన ఏడాది జూన్‌లో, ఆదివారం ఆరాధన ముగిశాక, గుడి మెట్ల మీద ఒక పెద్దాయన అన్న మాట ఇది. మా సంఘంలోని ఒక అమ్మాయి గురించి అన్నాడు. నేను పక్కనే ఉన్నాను, ఖండించలేదు. పైగా అదే మాట, ఇంకొంచెం మెత్తగా, రెండు రోజుల తర్వాత ఆ పిల్లతో నేనే అన్నాను. నేను చేసింది తప్పు. ఆ తప్పు ఎక్కడ జరిగిందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మన సంఘాల్లో ఇలాంటి పిల్లలు ఇంకా ఉన్నారు, నాలాంటి కాపరులూ ఉన్నారు.

మాది బెంగళూరులోని ఒక తెలుగు సంఘం. మా విశ్వాసుల తాతలు, అవ్వలు అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి వచ్చి ఈ నగరంలో చీపురు పట్టినవాళ్లు. ఇక్కడ వీధులూడ్చే పౌరకార్మికుల్లో తెలుగు మాట్లాడే దళితులు ఎంతమందో ఉదయం ఆరింటికి ఏ వార్డులోనైనా నిలబడి వింటే తెలుస్తుంది. ఆ అమ్మాయి తల్లి కూడా పౌరకార్మికురాలే. ఒకప్పుడు కాంట్రాక్టరు కింద పనిచేసే రోజుల్లో నాలుగు నెలలు జీతం ఆగిపోయింది. లేబర్ ఆఫీసుకి ఇవ్వాల్సిన అర్జీని కన్నడలో రాసింది ఎనిమిదో తరగతి చదువుతున్న ఈ పిల్లే. పద్దెనిమిది మంది ఆడవాళ్లు దాని మీద వేలిముద్రలు, సంతకాలు పెట్టారు. లాయరు కావాలన్న కోరిక ఆ పిల్లకు అక్కడే పుట్టింది.

ప్లస్ టూ అయ్యాక క్లాట్ రాసింది. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో సీటు వచ్చే ర్యాంకు రాలేదు. ఒక ప్రైవేటు లా కాలేజీ మాత్రం ఐదేళ్ల బీఏ ఎల్ఎల్‌బీకి సీటు, దాంతో పాటు స్కాలర్‌షిప్ ఇస్తామని లెటర్ పంపింది. ఆ ఆదివారం మేం సంఘంలో ఆమె పేరు చదివి చప్పట్లు కొట్టాం. వారం తిరక్కముందే ఆ పిల్ల, “నాకు ఆ సీటు వద్దు” అని కాలేజీకి మెయిల్ పెట్టేసింది.

నేను ఇంటికి వెళ్లి మందలించాను. ఆ పిల్ల ఏమీ వాదించలేదు. లెటర్ నా చేతికిచ్చి, “అయ్యగారూ, రెండో పేజీ చదవండి” అంది.

చదివాను. ట్యూషన్ ఫీజు ఏడాదికి 2,40,000. అందులో సగం మాఫీ. అది మొదటి ఏడాదికి మాత్రమే. రెండో ఏడాది నుంచి మాఫీ ఉండాలంటే ప్రతి సెమిస్టర్‌లో క్లాసులో మొదటి పది శాతంలో ఉండాలి. ఒక్కసారి తప్పితే మిగిలిన ఏళ్లన్నిటికీ పోతుంది. హాస్టలు, మెస్సు ఏడాదికి 1,60,000. వాటిలో మాఫీ లేదు. ఐదు రోజుల్లో జవాబివ్వాలి.

ఆ పిల్ల నోటు పుస్తకంలో లెక్క వేసి పెట్టింది. ఐదేళ్లూ స్కాలర్‌షిప్ నిలబడినా 14,00,000. మొదటి ఏడాది తర్వాత పోతే 18,80,000. తల్లికి చేతికి వచ్చే జీతం నెలకు పద్నాలుగు వేల చిల్లర. “ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లలతో మొదటి సెమిస్టర్‌లోనే పోటీపడి పది శాతంలో ఉంటానని నేను ఎట్లా రాసివ్వను? రెండో ఏడాది మధ్యలో మానేస్తే అప్పు అమ్మ మీద పడుతుంది, డిగ్రీ ఉండదు” అంది.

నేను బైబిలు కళాశాలలో నాలుగేళ్లు చదివాను. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్కపెట్టుకోవాలని లూకా సువార్త పద్నాలుగో అధ్యాయం మీద ఎన్నిసార్లు ప్రసంగించానో గుర్తు లేదు. ఆ పని నిజంగా చేసిన పిల్ల నా ముందు కూర్చుంటే, అవిశ్వాసం అన్నాను.

మనం స్కాలర్‌షిప్ అనే మాట వినగానే దాన్ని ఆశీర్వాదం లెక్కలో వేసేస్తాం. నిజానికి అది ఒక ఒప్పందం. అందులో ఎంత మాఫీ, ఎన్నేళ్లు, ఏ షరతు మీద, పోతే ఏమవుతుంది అన్న నాలుగు ప్రశ్నలు ఉంటాయి. కొన్ని కాలేజీలు ఎక్కువ ఫీజు పెట్టి, అందులోంచే కొంత తగ్గించి, దానికి స్కాలర్‌షిప్ అని పేరు పెడతాయి. అలాంటి దాన్ని కాదన్నందుకు ఒక పిల్లను కృతజ్ఞత లేనిదని అనడం న్యాయం కాదు.

అలాగని వచ్చిన ప్రతి స్కాలర్‌షిప్‌నూ వదులుకోమని నేను చెప్పడం లేదు. ఐదేళ్లకూ పూర్తి ఫీజు, హాస్టలుతో సహా ఇచ్చే చోటు దొరికితే, కాలేజీకి పెద్ద పేరు లేకపోయినా కళ్లకద్దుకుని చేరండి. స్నేహితుల ముందు గొప్పగా చెప్పుకోడానికి పేరున్న కాలేజీయే కావాలని మంచి అవకాశం వదిలేస్తే అది వేరే సంగతి. ఏడాది ఆగడానికి కూడా ఖర్చుంది. మగపిల్లాడైతే “ఏదైనా పనిలో చేరు” అంటారు. ఆడపిల్లైతే సంబంధాలు చూడటం మొదలుపెడతారు. ఈ పిల్లకు ఆ ఏడాదిలో మూడు సంబంధాలు వచ్చాయి. రెండు నా ద్వారానే వచ్చాయి, అది కూడా ఇక్కడే ఒప్పుకుంటున్నాను.

చదువు మధ్యలో ఆగి మళ్లీ మొదలుపెట్టడం మనకు కొత్త కాదు. బాబాసాహెబ్ అంబేద్కర్ 1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో కొలంబియా వెళ్లారు. చదువు ముగిశాక పదేళ్లు బరోడా కొలువు చేయాలన్న షరతు దానికి ఉంది. 1916లో లండన్ చేరి, న్యాయవాద విద్య కోసం గ్రేస్ ఇన్‌లో చేరారు. 1917లో స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది, సగంలో వదిలి తిరిగి రావలసి వచ్చింది. ఒప్పందం ప్రకారం బరోడాలో కొలువులో చేరితే ఉండటానికి ఇల్లు ఇచ్చేవారు లేకపోయారు. తర్వాత బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి జీతంలో మిగిల్చుకున్నారు. కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం చేశారు, పార్శీ మిత్రుడు నావల్ భతేనా అప్పిచ్చారు. 1920లో మళ్లీ లండన్ వెళ్లి 1922లో బారిస్టర్ అయ్యారు. ఆయన స్కాలర్‌షిప్ వద్దనలేదు, అది ఆయన్ని మధ్యలో వదిలేసింది. కానీ రెండోసారి వెళ్లేటప్పుడు చేతిలో పొదుపు ఉంది, వెనకాల నమ్మిన మనుషులు ఉన్నారు. మన పిల్లల రెండో ప్రయత్నానికి కావలసినవి ఈ రెండే.

ఇప్పుడు ఆ పిల్ల మళ్లీ అప్లికేషన్ పెడుతోంది. ఈసారి ఆమెతో కలిసి కూర్చుని నేను నేర్చుకున్నవి, మీ ఇళ్లలో పనికొస్తాయని కొన్ని రాస్తున్నాను.

మొదటిది, పాత ర్యాంకు ఈ ఏడాది పనికిరాదు. క్లాట్ మార్కులు ఆ ఏడాది ప్రవేశాలకే చెల్లుతాయి. మళ్లీ రాయాల్సిందే: రెండు గంటలు, 120 ప్రశ్నలు, తప్పు జవాబుకి పావు మార్కు కోత. వయసుకి పై పరిమితి లేదు, ఇన్నిసార్లే రాయాలన్న నియమమూ లేదు. అసలు అడ్డంకి ఇంగ్లీషు. ప్రశ్నలన్నీ పొడవైన ఇంగ్లీషు పేరాల మీదే వస్తాయి. అందుకే ఈ పిల్ల కోచింగ్ డబ్బుకి బదులు రోజూ ఒక ఇంగ్లీషు దినపత్రిక సంపాదకీయం చదివి, దాని సారం తెలుగులో తల్లికి చెబుతోంది. తల్లికి అర్థమైతే తనకు అర్థమైనట్టు.

రెండోది, ఒకే తలుపు దగ్గర నిలబడొద్దు. తమిళనాడులో అంబేద్కర్ న్యాయ విశ్వవిద్యాలయం పరిధిలోని కాలేజీల్లో ప్లస్ టూ మార్కుల మీదే సీట్లిస్తారు. ప్రభుత్వ లా కాలేజీ ఫీజు మీకు వచ్చిన ఏ స్కాలర్‌షిప్ తర్వాత మిగిలే ఫీజు కన్నా తక్కువే ఉండొచ్చు. మహారాష్ట్రలో సీఈటీ ఉంది. యానాం పిల్లలకు పుదుచ్చేరిలో ప్రభుత్వ లా కాలేజీ ఉంది. ముందు ఏదైనా డిగ్రీ చేసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ చదివేవాళ్లూ లాయర్లే.

మూడోది, బయటి రాష్ట్రాల్లో ఉన్న మనకు ప్రత్యేకమైనది. బెంగళూరు నేషనల్ లా స్కూల్‌లో 2021 నుంచి పాతిక శాతం సీట్లు కర్ణాటక విద్యార్థులకు కేటాయిస్తున్నారు. కనీసం పదేళ్లు ఈ రాష్ట్రంలో చదివి ఉండాలి. మొదటిసారి ఈ పిల్ల ఆ గడి నింపలేదు. ఎందుకమ్మా అంటే, “మనం తెలుగువాళ్లం కదా, మనకు వర్తించదనుకున్నా” అంది. అక్కడ అడిగేది మాతృభాష కాదు, బడిలో చదివిన ఏళ్లు. మూడు తరాలుగా ఇక్కడే ఉన్నా మనల్ని మనమే అతిథులుగా లెక్కేసుకుంటున్నాం.

కులం సర్టిఫికెట్ సంగతి ఇంత సులువు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీగా గుర్తింపు ఉన్న ఒక కుటుంబం ఉద్యోగరీత్యా బొంబాయి వెళ్తే, అక్కడ పెరిగిన కొడుక్కి మెడికల్ సీటు విషయంలో ఆ గుర్తింపు చెల్లదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1990లో చెప్పింది. మర్రి చంద్రశేఖరరావు కేసు అంటే న్యాయ విద్యార్థులందరికీ తెలుసు. దాని మీద మన క్రైస్తవ దళితులకు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఉండనే ఉంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తీశారు, మనకు తీయలేదు. కర్ణాటకలో కేటగిరీ-1, తమిళనాడులో బీసీ, ఆంధ్ర, తెలంగాణల్లో బీసీ-సి అని రాష్ట్రానికో లెక్క. ఈ విషయం మన ఇళ్లలో ఎంత నొప్పో కాపరిగా నాకు తెలుసు. అప్లికేషన్‌లో ఏ గడి నింపాలో పరీక్షకు ముందే, తెలిసిన లాయరు దగ్గర కూర్చుని నిజాయితీగా తేల్చుకోండి. సీటొచ్చాక సర్టిఫికెట్ చెల్లలేదంటే ఏడాది కాదు, జీవితమే చిక్కుల్లో పడుతుంది.

నాలుగోది, ఖాళీ ఏడాదిని దాచొద్దు. కాలేజీలు గ్యాప్ అఫిడవిట్ అడుగుతాయి, ఇంటర్వ్యూ ఉంటే కారణం అడుగుతారు. అబద్ధపు జబ్బు రాయించుకోకండి. “స్కాలర్‌షిప్ వచ్చింది, షరతులు మా ఇంటికి మించినవి, అందుకే వదులుకున్నాను, ఈ ఏడాది ఇది చేశాను” అని నాలుగు వాక్యాలు చాలు. కాదన్న కాలేజీకే మళ్లీ రాయడంలోనూ సిగ్గేమీ లేదు. ఈసారి హాస్టలు కలుస్తుందా, షరతు సడలుతుందా అని సీటు తీసుకునే ముందే కాగితం మీద అడగండి.

ఇప్పటికే డబ్బు కట్టేసి వెనక్కి రావాలనుకునేవాళ్లకు ఒక మాట. 2018 నాటి యూజీసీ నియమాల ప్రకారం కాలేజీలు మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదు. ప్రవేశాల చివరి తేదీకి పదిహేను రోజులు, అంతకన్నా ముందే మానుకుంటే కట్టిన ఫీజు దాదాపు మొత్తం తిరిగివ్వాలి. తర్వాత రోజులు గడిచేకొద్దీ కోత పెరుగుతుంది.

ఇవన్నీ పిల్లలు చేయాల్సినవి. ఇక సంఘం చేయాల్సింది. ఆ పిల్ల సీటు వదులుకున్న ఏడాదే మేం వార్షికోత్సవానికి ఆర్చి, లైటింగు, స్టేజీ కలిపి ఆరు లక్షలు పోగుచేశాం. చందా రాసినవాళ్లలో ఆ పిల్ల తల్లి కూడా ఉంది. ఆ డబ్బులో సగం పక్కన పెట్టినా మొదటి ఏడాది ఫీజు, హాస్టలు గడిచేవి. అప్పుడు ఆ పిల్ల ముందు ఇంకో దారి ఉండేది. తలుపు మూసింది ఎవరని ఆ పెద్దాయన అడిగితే, ఇప్పుడు నేను మా సంఘం లెక్కల పుస్తకం చూపిస్తాను.

ఈ ఏడాది వార్షికోత్సవం గుడిలోనే చేశాం. మిగిలినది చదువు నిధి అని విడిగా ఖాతా తెరిచి వేశాం. పెద్ద మొత్తమేమీ కాదు. పరీక్ష ఫీజు, ఫారాలు, పుస్తకాలు, కౌన్సెలింగ్ తిరగడానికి సరిపోతుంది. చదువుకున్న ఇద్దరు యౌవనస్తులు ప్రతి రెండో ఆదివారం కూర్చుని, ఎవరికి ఏ ఆఫర్ లెటర్ వచ్చినా రెండో పేజీ కూడా చదివి, ఐదేళ్ల లెక్క వేసిస్తున్నారు. చప్పట్లు ఆ లెక్క అయ్యాకే.

మురుగు కాలువల్లో దిగి చనిపోయినవాళ్ల కుటుంబాలకు పరిహారం 30 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. ఆ తీర్పు సంగతి మా కాలనీలో చాలామందికి తెలియదు. తెలిసినా అర్జీ రాసి, వాయిదాలకు తిరిగే మన భాష మనిషి లేడు. ఆ పద్దెనిమిది మంది ఆడవాళ్లు ఇప్పటికీ కాగితం ఏదొచ్చినా ఈ పిల్ల దగ్గరికే తెస్తారు.

డిసెంబరులో పరీక్ష. సీటు వస్తుందో రాదో నేను ప్రవచించను. ఆ రోజు ఆదివారమే కనుక ఆరాధన వేళ ఆమె గుడిలో ఉండదు. ఎందుకు రాలేదని ఎవరూ అడగొద్దని ముందే చెప్పాను. తల్లికి ఆ రోజు డ్యూటీ ఉంది. పరీక్ష సెంటరుకి నేనే బండి మీద దింపుతాను, ఉపదేశం ఇంకొకరు చేస్తారు.